ఇరవై మైక్రాన్ల మందం

“నువ్వు వస్తావా, రావా? ఆ ఒక్క మాట చెప్పు చాలు.”

అమ్మ మూడోసారి అడిగింది. నేను డైనింగు టేబులు దగ్గర నైటీలోనే కూర్చుని ఉండాను. తల దువ్వలేదు, స్నానం లేదు. గడియారం ఎనిమిదిన్నర చూపిస్తా ఉండాది.

“రాను.”

“పీళమేడులో ఒక్క ఇల్లు మిగలకుండా పత్రిక పంచినాడు మీ మామ. సొంత మేనకోడలు ఎక్కడ అని అడిగితే నేనేమి చెప్పాల?”

“నీ తమ్ముడు దొంగ అని చెప్పు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగరు.”

అమ్మ చేతిలోని గరిటెను టేబులు మీద కొట్టింది. చట్నీ చుక్కలు ఎగిరి పత్రిక మీద పడినాయి. పడనీ, బాగా పడనీ.

ఆ పత్రికను మూడు రోజులుగా చూస్తానే ఉండాను. ఒక పక్క తమిళం, ఒక పక్క ఇంగ్లీషు, అంతా బంగారు అక్షరాలు. అణు బ్యాటరీ తొలి ప్రదర్శన. రూపకల్పన రాజ్‌మోహన్. స్విచ్చు నొక్కి ప్రారంభించేది నవనీతకృష్ణన్. మొదటాయన మా మేనమామ, రెండో ఆయన మా నాయిన. అడుగున అచ్చేసిన ప్రెస్సు పేరు కూడా ఉండాది. నా పేరు మాత్రం ఎక్కడా లేదు.

“పేరులో ఏముందే అమ్మణీ?” అమ్మ గొంతు తగ్గించింది. కోప్పడి సాధించలేకపోతే బతిమాలడం ఆమె అలవాటు. “వాడు పరాయివాడా? నాకున్నది ఒక్క తమ్ముడు. నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని చెవులు కుట్టించినాడు.”

“చెవులు కుట్టించినాడని గొంతు కోసేదానికి ఒప్పుకోవాలనా?”

అమ్మ గరిటె తీసుకున్నది. పెనం మీద పిండి పోసేదానికి వెనక్కి తిరిగింది.

ఆరేండ్లమ్మా. మా పంపుల ఫ్యాక్టరీ వెనక పాత వైండింగు షెడ్డులో ఆరేండ్లు కూర్చున్నాను. మా పక్క బోర్లు వెయ్యి అడుగులు దాటి చాన్నాళ్లయింది. అంత లోతులో నీళ్లు ఎక్కడున్నాయో చెప్పే సెన్సరు పెడితే, దాని బ్యాటరీ అయిపోయినప్పుడంతా పైపులు మొత్తం పైకి లాగాల. బ్యాటరీ అయిపోకుండా ఉంటే? అది నా ఆలోచన. నికెల్‌లో ఒక రకం ఉండాది, దానంతట అది నిదానంగా క్షీణిస్తా ఎలక్ట్రాన్లను బయటికి విసరతా ఉంటాది. పక్కన ఒక సెమీకండక్టరు బిళ్ల పెడితే ఆ దెబ్బలన్నీ కరెంటు అవుతాయి. దాని బలం సగం తగ్గేదానికి నూరేండ్లు. బోరు ఎండిపోయినా బ్యాటరీ ఉంటాది.

ఆ పనిని మామ తన పేరుతో పేటెంటుకు పెట్టేసినాడు. పోయిన నెల మిల్లుల వాళ్లు, ఫౌండ్రీల వాళ్లు కూర్చున్న సభలో మైకు పట్టుకుని, “మా అక్క కూతురు కూడా టైపు అదీ చేసి సాయం చేసింది” అన్నాడు. అందరూ నా పక్కకు తిరిగి చప్పట్లు కొట్టినారు. నా ఒళ్లు మండిపోయింది. ఆ చప్పట్లు చచ్చేవరకూ మరవను.

బదులు తీర్చుకోవాల అని ఆ రోజే అనుకున్నాను. ఆ పేటెంటు కాగితాల్లో ఒక అంకె చూసినాక దారి దొరికింది. ఇదిగో, ఈ రోజు పదకొండు గంటలకు తీరిపోతాది. నేను చెయ్యాల్సింది ఏమీ లేదు. నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటే చాలు.

తొమ్మిది ముక్కాలుకు ఫోను మోగింది. జెబరాజ్. షెడ్డులో ప్లేటింగు పని చేసేవాడు, ఆరేండ్లు నాతోబాటు ఆసిడ్డు వాసన పీల్చినవాడు. ప్రదర్శన జరిగే హాలులో నుంచి గుసగుసగా మాట్లాడినాడు.

“అక్కా, బ్యాటరీ సెల్లు వచ్చింది. డబ్బీ సీలు వేసేసినారు. కాగితంలో నికెల్ మందం ఇరవై మైక్రాన్లు అని ఉండాది. ఇరవయ్యా? మనము రెండు కదా పెట్టింది?”

“టెస్టు పెట్టినారా?”

“ఎక్కడక్కా! పదకొండుకు నల్ల నేరం, మంచి ముహూర్తం అంట, అంతకు ముందు స్విచ్చు ముట్టుకుంటే కన్ను పడతాదంట. కొత్త మోటారుతో మంచి గడియలోనే కదా తొలి నీళ్లు తీస్తాము, దీన్నీ అట్లే తియ్యాల అని చెప్పిపోయినారు మీ మామ. ఎవరినీ దగ్గరికే రానియ్యడం లేదు. నేను పోయి చెవిలో ఒక మాట వేసేదా?”

“వద్దు. నోరు తెరవద్దు.”

“నొక్కేది పెద్దాయన, మీ నాయిన కదక్కా…”

ఫోను పెట్టేసినాను.  నాకు సంతోషం పట్టలేదు. అంత సంతోషం పీహెచ్‌డీ వచ్చిన రోజు కూడా లేదు.

తిరిగి చూస్తే అమ్మ గరిటె పట్టుకుని నా వెనకే నిలబడి ఉండాది.

“ఏంది ఇరవై? ఏంది రెండు?”

చెప్పకుండా ఉండాల్సింది. కానీ అంత సంతోషం ఒక్కదాన్నే లోపల పెట్టుకోలేకపోయినాను.

“అమ్మా, పది దోశల పిండి అంతా ఒకటే దోశగా పోస్తే ఏమవుతాది?”

“పైన మాడతాది, లోపల పచ్చిగా ఉంటాది.”

“అదే. నికెల్ లోపల పుట్టే ఎలక్ట్రాను రెండు మూడు మైక్రాన్లు దాటి రాలేదు. మందంగా పెడితే లోపల పుట్టింది లోపలే చస్తాది. అందుకే నేను రెండు మైక్రాన్ల రేకులు పది పెట్టి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క బిళ్ల పెట్టినాను. మీ తమ్ముడు అంతా కలిపి ఒకటే ఇరవై పెట్టినాడు. అనుకున్న కరెంటులో పదో వంతు వస్తే గొప్ప. సెన్సరు నిద్ర కూడా లేవదు. ఎనిమిది వందల మంది ముందు పెద్ద బోర్డు మీద సున్నా కనిపిస్తాది.”

అమ్మ ముఖంలో రక్తం లేదు.

“తప్పని నీకెట్ల తెలుసు?”

“ఆ తప్పు నాదే కాబట్టి.” నవ్వు వచ్చింది నాకు. “పోయిన సరస్వతి పూజకు ముందురోజు ఆ పేజీ రాసినాను. పూజలో పెట్టాల అని పుస్తకం తీసుకుని నువ్వే పళ్లెంలో పెట్టినావు. పూజ అయినాక ప్రసాదం గుగ్గిళ్లు, ఆ సుండలు తింటా ఉంటే తప్పు తట్టింది. పెన్సిలు పట్టుకుని పరిగెత్తితే నాయిన వాకిలికి అడ్డం నిలబడినాడు. పూజలో పెట్టిన పుస్తకం ముట్టకూడదు, ఏముంటే దశమికి దిద్దుకో అన్నాడు. దశమి తెల్లారి పళ్లెం కదిలించినాక మొదట చేసిన పని ఆ ఇరవై కొట్టెయ్యడమే. అంటే ఆ ఇరవై బతికింది పూజరూములో మాత్రమే. మీ తమ్ముడు ఆ రోజే లోపలికి పోయి చూసినాడు.”

“పూజరూము తాళం నా నడుముకే ఉండింది కదే!”

“ఎట్ల దూరినాడో నాకూ తెలియలే. ఏమైతే ఏమి. దొంగిలించింది నా తప్పును.”

“నేను వాడికి చెప్తాను.” అమ్మ స్టవ్వు ఆర్పి, కొంగుతో చేతులు తుడుచుకున్నది. “నువ్వు ఏమైనా అనుకో. కారమడై రంగనాథుడి మీద ఆన, నేను చెప్పేస్తాను. వాడు నలుగురిలో తల దించుకుంటే నేను చూడలేను.”

“నేను తల దించుకున్నప్పుడు చూసినావు కదా?”

అమ్మ నిలబడిపోయింది.  అయినా గుమ్మం పక్కకు పోయింది.

అప్పుడే బయట కారు హారను వినిపించింది.

మామ లోపలికి వచ్చినాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, నొసట చందనం. పెళ్లికొడుకు కూడా అంత మెరవడు. నన్ను చూసి ముఖమంతా నవ్వు పెట్టుకున్నాడు.

“ఏమ్మా, ఇంకా తయారు కాలేదా? మూడో వరసలో సీటు వేయించినాను నీకు. పేపరువాళ్లు ఏమైనా అడిగి నేను నీ పక్క చూస్తే, నువ్వు లేచి రెండు మాటలు చెప్పు.”

“రాజూ, ఒక మాట…” అమ్మ.

“అక్కా, అప్పుఱం, తర్వాత మాట్లాడదాము. బావ ఎక్కడ?”

నాయిన గదిలో నుంచి వచ్చినాడు. నడుముకు కొత్త వేష్టి, మడత నలగని చొక్కా. అరవై ఏడేండ్ల మనిషి, పెళ్లి చూపులకు పోయేవాడి మాదిరి మొహమాటంగా నవ్వినాడు. ఆయన చేతికి వాచీ ఇంకా పెట్టుకోలేదు.

నేను లేచి నిలబడినాను.

“మామా, నికెల్ ఇరవై మైక్రాన్లేనా?”

“ఇరవై!” ఎదురొమ్ము విరుచుకున్నాడు. “ఎక్కడా తగ్గించలేదు. ఆ రేకు తయారుచేసినవాడు, ఇంత మందం ఎందుకు సార్ అని రెండుసార్లు మెయిలు పెట్టినాడు. ఏమన్నానో తెలుసా? మేము మోటార్లు కట్టేవాళ్లము, మా తాతకాలం నుంచి కాపరు వైరు తగ్గించి పేరు చెడగొట్టుకోలేదు, నువ్వు నేను చెప్పింది వెయ్యి అన్నాను. ఎంత వేస్తే అంత బలం!”

కడుపు చల్లబడింది నాకు. అడిగినవాడి నోరు కూడా తానే మూయించినాడు మహానుభావుడు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ ఒక్క ముల్లు మిగిలిపోయింది కదా, దాన్ని పీకాల అనిపించింది.

“ఆ ఇరవై ఎక్కడ చూసినారు?”

“చూసేదేంది? లెక్క వేసినాను.”

“అది నా పుస్తకంలో ఉండింది. పుస్తకం పూజరూములో ఉండింది. రూముకు తాళం. మీరు లోపలికి ఎట్ల పోయినారు మామా?”

మామ నవ్వు అట్లే ఉండాది, కళ్లలో మాత్రం లేదు. వాచీ చూసుకున్నాడు. తర్వాత నాయిన పక్క చూసినాడు.

“దేవుడి గదిలో దూరేవాణ్ణా నేను? నన్నడుగుతావేంది? మీ నాయిన్ని అడుగు.” చెప్పుల్లో కాళ్లు పెట్టినాడు. “బావా, కార్లో ఉంటాను. పదింపావుకు బయలుదేరాల.”

ఆయన పోయినాడు. 

నాయిన వాచీ పట్టీ పెట్టుకుంటా ఉండాడు. రెండుసార్లు జారింది.

“నేనే ఇచ్చినాను అమ్మణీ.”

వినిపించింది, కానీ లోపలికి దిగలేదు.

“ఏంది ఇచ్చింది?”

“పుస్తకం. ఆ రోజు సాయంత్రం. వాడు ఫోటోలు తీసుకున్నాడు. మళ్లీ పళ్లెంలోనే పెట్టేసినాను.”

“నన్ను పెన్సిలు ముట్టనియ్యలేదు మీరు!” నా గొంతు నాకే కొత్తగా ఉండింది. “వాకిలికి అడ్డం నిలబడినారు. పాపం, దోషం అన్నారు. నా సొంత తప్పు నేను దిద్దుకుంటే దోషం, పుస్తకం తీసి పరాయివాడికి ఇస్తే పుణ్యమా?”

“పరాయివాడు కాదు కదా.”

“నాకు పరాయివాడే. ఈ రోజు నుంచి మీరు కూడా.”

నాయిన కుర్చీలో కూర్చున్నాడు. కొత్త వేష్టి నలుగుతాదని కూడా చూసుకోలేదు.

“వాడు విడిపోతానన్నాడు. ఫౌండ్రీ వాడిది, పంపులు మనవి అని రెండు చేద్దాము అన్నాడు. చేతిలో కొత్త సరుకేమీ లేక మిల్లులవాళ్ల ముందు చిన్నబోతున్నాను అని ఏడ్చినాడు. నీకు తెలివి ఉండాది. ఇది పోతే ఇంకొకటి చేస్తావు. వాడికి ఏముంది చెప్పు?”

ఇంకొకటి చేస్తానంట! ఆరేండ్లు ఎంత సులభంగా ఎత్తి పక్కన పెట్టినాడు! ఆ క్షణం నాకు మామ మీద కూడా అంత కోపం రాలేదు. నొక్కనీ. ఈయనే నొక్కనీ. ఎనిమిది వందల మంది ముందు ఈయన వేలు ఆ స్విచ్చు మీద ఉండనీ. పళ్లు కొరికినాను.

“తాళం?”

అడిగింది అమ్మ. ఇంతసేపూ గోడకు ఆనుకుని నిలబడి ఉండాది. ఆమె గొంతులో కోపం లేదు.

“తాళం నా నడుముకు ఉండింది. ఎట్ల తీసినారు?”

“నువ్వే ఇచ్చినావు కోమలా. దీపంలో నూనె తగ్గింది, నేను పోస్తాను అన్నాను.”

“ఆమా, ఇచ్చినాను. నలబై ఏండ్లలో మీరు దీపానికి నూనె పోసింది ఆ ఒక్క రోజే. నేను పిచ్చిదాన్ని, మనిషి మారినాడు అని మురిసిపోయినాను.” అమ్మ ఒక అడుగు ముందుకు వచ్చింది. “తెల్లారి పళ్లెంలో పసుపు చెదిరి ఉండింది. కుంకుమ ఒలికి ఉండింది. నా చెయ్యే తగిలింది, నా వల్లే అపచారం అయింది అనుకున్నాను. మీకు చెప్పినాను. గుర్తుండాదా?”

నాయిన తల దించుకున్నాడు.

“తొమ్మిది శనివారాలు ఒక్క పొద్దు ఉండి కారమడైకి పోయినాను. మోకాళ్ల నొప్పితో ప్రదక్షిణాలు చేసినాను. మీరు బస్సు స్టాండు దాకా దిగబెట్టి, ఇంటికి వచ్చి ఇడ్లీ తిన్నారు. ఒక్క శనివారమన్నా, వద్దు కోమలా, నువ్వేమీ చెయ్యలేదు అన్నారా?”

“చెప్పాలనే అనుకున్నాను…”

“అనలేదు కదా.”

హారను మళ్లీ మోగింది. నాయిన లేచినాడు. గుమ్మం దాకా పోయి ఆగినాడు. మూర్ఖుడు కాదు మా నాయిన. ఫ్యాక్టరీలో మోటారు సద్దు విని లోపలి దోషం చెప్పగల మనిషి.

“అమ్మణీ. ఆ రోజు ఏందో దిద్దాల అని వచ్చినావు కదా. ఏందది?”

నేను టేబులు మీది పత్రికను చూసినాను.

“ఆ తప్పు ఈ సెల్లులో ఉండాదా? నేను నొక్కవచ్చా?”

నా కళ్ల ముందు ఆ బోర్డు, ఆ సున్నా, ఆయన ముసలి వేలు. వెలగలేదని రెండోసారి నొక్కుతాడు. మూడోసారి నొక్కుతాడు. ఎవరో వెనక వరసలో నవ్వుతారు. ఇంతకు ముందు అంత కావాల అనుకున్నది, ఇప్పుడు వద్దనిపించింది. ఎంత చేసినా నాయిన కదా. చెప్పేద్దాము అని నోరు తెరిచినాను.

“దశమికే దిద్దేసింది,” అన్నది అమ్మ.

నాయిన ఆమె పక్క చూసినాడు.

“తెల్లారగానే దిద్దేసింది. నా ఎదురుగానే. మీరు దిగులు పడకండి.” అమ్మ ఆయన దగ్గరికి పోయి, నొసట వంకరగా ఉన్న నామాన్ని వేలితో సరిచేసింది. చొక్కా కాలరు సర్దింది. “పోయి నొక్కండి. గట్టిగా నొక్కండి.”

నాయిన ముఖం తేటపడింది. ఆమె చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలినాడు. మెట్లు దిగి కారెక్కినాడు. మామ అద్దం దించి మాకు చెయ్యి ఊపినాడు. అమ్మ కూడా ఊపింది.

“అమ్మా, ఏం చేసినావు నువ్వు?”

“నేనేమి చేసినాను? ఉన్నదే చెప్పినాను.”

“పొద్దున్నుంచీ తమ్ముడు, తమ్ముడు అని నా ప్రాణం తీసినావు!”

“అప్పుడు నాకు తెలియదు కదా.” లోపలి నుంచి పట్టుచీర తెచ్చి నా చేతిలో పెట్టింది. “స్నానం చేసి రా. మూడో వరస కాదు, మొదటి వరసలో కూర్చుందాము.”

నాకు భయమేసింది. నా కోపానికి ఒక హద్దు ఉండింది, అది ఎక్కడో నాకు తెలుసు. అమ్మ కోపాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఫోను తీసి నాయినకు కొట్టినాను. రెండు సార్లు మోగింది.

“చెప్పు అమ్మణీ,” అన్నాడు నాయిన. వెనక మామ ఎవరితోనో గట్టిగా మాట్లాడతా ఉండాడు.

“నాయినా, మీరు…”

అమ్మ నా చేతిలో నుంచి ఫోను లాక్కున్నది.

“ఏమండీ, నేనే. ఏమీ లేదు. ఆశీర్వాదం అడగాలంట పిల్ల. వచ్చి అడుగుతాదిలే. నల్ల నేరం దాటిపోతాది, మీరు దారిలో ఎక్కడా నిలపకండి.”

కట్ చేసింది. ఫోనును కొంగులో చుట్టి, పూజరూము తాళం చెక్కుకునే చోటే నడుముకు గట్టిగా చెక్కుకున్నది.

“ఇవ్వమ్మా. ఇంకా అరగంట ఉండాది. ఇవ్వు.”

“ఇస్తాను,” అన్నది అమ్మ. “పదకొండు దాటనీ.”